తప్పుల బుక్కులో మొదటి సంతకం

(1986 ఆగస్టు 24, ఆదివారం నాడు కాజీపేటలో జరిగిన డాక్టర్ జయరాజు సంతాప సభలో ఒక విలేకరి చేసిన ప్రసంగం)

ఈ నెల పదమూడో తేదీ, బుధవారం, పగలు పదకొండు గంటల నలభై నిమిషాలకు డాక్టర్ జయరాజు గారు నిరీక్షణ మిషన్ దవాఖానలో, విచారణ గది బయట వేసిన బెంచీ మీద నుంచి కింద పడిపోయారు. పన్నెండు దాటిన ఐదు నిమిషాలకు ఆయన చనిపోయినట్టు రాశారు. ఆయన వయసు యాభై రెండేళ్లు.

హన్నా టీచర్ గారూ, జయరాజు గారి దగ్గర పని నేర్చుకున్న డాక్టర్లారా, లోకోషెడ్డు అన్నలారా, పొద్దున్నే బస్సులు పట్టుకుని ఊళ్ల నుంచి వచ్చిన తల్లులారా, అయ్యలారా, అందరికీ నమస్కారం.

ఈ సభ ఇక్కడ జరగాల్సింది కాదు. పద్నాలుగేళ్లు ఆయన పనిచేసిన దవాఖానలో ఒక హాలు ఉంది. మూడు వందల కుర్చీలు పడతాయి. దాన్ని ఇవ్వమని ఆయన భార్య హన్నా టీచర్ గారు దరఖాస్తు పెట్టుకున్నారు. మరమ్మతులు జరుగుతున్నాయి, ఇవ్వలేమని మేనేజింగ్ కమిటీ జవాబు రాసింది. నిన్న సాయంత్రం నేను వెళ్లి చూశాను. మరమ్మతులేవీ లేవు. తాళం ఉంది. అందుకే మనం ఈ రేకుల షెడ్డు కింద కూర్చున్నాం. అడగగానే ఇచ్చిన రైల్వే కార్మికులకు దండాలు.

ఆ బెంచీ దగ్గర నుంచి క్యాజువాలిటీ గది గుమ్మానికి నలభై రెండు అడుగులు. నేను కొలిచాను. ఆ నలభై రెండు అడుగులు దాటించడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. విచారణ గదిలో ఆ సమయానికి ముగ్గురు డాక్టర్లు కూర్చుని ఉన్నారు. కింద పడిన చప్పుడు వాళ్లకు వినబడలేదా? వినబడిందని లోపల టైపు చేస్తున్న గుమాస్తా నాతో చెప్పాడు. వినబడితే ఎందుకు లేవలేదు? పిలిచే వరకు బయటివాళ్లు లోపలికి రాకూడదని ఆర్డరు ఉందట. లోపలివాళ్లు బయటికి రాకూడదని కూడా ఆర్డరు ఉందా?

ఈ ప్రశ్నకు కమిటీ పదకొండు రోజులుగా జవాబు ఇవ్వలేదు. దానిని ఇంకోసారి అడగడానికే నేను ఈ మైకు దగ్గరికి వచ్చాను.

జయరాజు గారి పని ఏమిటో ఇక్కడ చాలామందికి తెలుసు. తెలియని వాళ్ల కోసం చెబుతాను. నోట్లోంచి కడుపులోకి ఒక నల్లటి గొట్టం దింపి, లోపల పుండు ఉందా, గడ్డ ఉందా అని చూస్తారు. ఎండోస్కోపీ అంటారు. ఊళ్లలో గొట్టం పరీక్ష అంటారు. మన దగ్గరి గొట్టానికి పైన ఒకటే అద్దం ఉంటుంది. దానికి ఒకే కన్ను ఆనించగలం. అంటే, గొట్టం పట్టుకున్న కుర్ర డాక్టరు ఏం చూస్తున్నాడో పక్కన నిలబడ్డ గురువుకు కనబడదు. గురువుకు కనబడని పనిని గురువు ఎట్లా దిద్దాలి? 

జయరాజు గారి జీవితంలో చివరి ఏడేళ్లు ఈ ఒక్క ప్రశ్న మీదే గడిచాయి.

1979లో ఆ గొట్టం దవాఖానకు వచ్చింది. నేర్చుకునే డాక్టర్లు ఇద్దరు ముగ్గురు చొప్పున వస్తూ ఉన్నారు. ఇంకెక్కడైనా అయితే, చూస్తూ చూస్తూ వాళ్లే నేర్చుకుంటారులే అని వదిలేసేవాళ్లు. ఎవరి మీద నేర్చుకుంటారు? మన మీద. పత్తి అమ్ముకోవడానికి వచ్చి, కడుపునొప్పి చూపించుకుని పోదామని ఆగిన మనిషి మీద. అది జయరాజు గారికి నచ్చలేదు.

ఆయన తండ్రి సుందర్ రావు గారు ఇక్కడి లోకోషెడ్డులో ఫిట్టరు. షెడ్డులో ఒక పద్ధతి ఉంది, మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇంజిను తిరిగి రాగానే, డ్రైవరు ఇంటికి పోయేముందు రిపేరు బుక్కులో రాస్తాడు. ఎక్కడ చప్పుడు వస్తోంది, ఎక్కడ ఆవిరి కారుతోంది, బ్రేకు ఎక్కడ ఆలస్యంగా పడింది, తను ఎక్కడ ఆలస్యంగా వేశాడు. రాసినందుకు డ్రైవరును ఎవరూ ఏమీ అనరు. రాయకుండా దిగిపోతే మాత్రం మెమో వస్తుంది. ఆ రాతను చదవకుండా ఇంకో డ్రైవరు ఆ ఇంజిను ఎక్కడు.

జయరాజు గారు ఆ బుక్కును దవాఖానకు తెచ్చారు. అంతే. విదేశాల నుంచి తెచ్చిన పద్ధతి కాదు. కాజీపేట షెడ్డు పద్ధతి.

పదకొండో నంబరు గదిలో పరీక్ష అయిపోగానే, గొట్టం కడగక ముందే, అందరూ అక్కడే నిలబడాలి. మొదట గొట్టం వేసిన డాక్టరు తన తప్పు తను చెప్పాలి. తర్వాత రోగి తల పట్టుకున్న ఆయమ్మ చెప్పాలి. తర్వాత, నోరు తిరిగితే, రోగి చెప్పాలి. అందరూ అయ్యాక జయరాజు గారు చెబుతారు. అదీ ఒక్క మాటే. నాలుగు తప్పులు కనబడినా ఒక్కటే చెబుతారు. "ఒక్కపారికి ఒక్కటే దిద్దుకుందం. నాలుగు చెప్తె నాలుగు మరుస్తవు" అనేవారు. ఆ ఒక్కటీ బుక్కులో రాయాలి. ఈసారి ఏమైంది, మళ్లీసారి ఏం చేయాలి. మళ్లీ గొట్టం పట్టే ముందు ఆ పేజీ తీసి, తను రాసుకున్నది తనే పైకి చదవాలి.

దానికి ఆయన పెట్టిన పేరు పరీక్షల సమీక్షా పుస్తకం. రోగి తల పట్టుకునే ఆయమ్మ చిలుకమ్మ పెట్టిన పేరు తప్పుల బుక్కు. దవాఖానలో చిలుకమ్మ పేరే నిలిచింది.

ఆ బుక్కులో మొదటి పేజీ ఎవరిది? 1980 జూన్ రెండో తేదీ. వెంకట్రాజం అనే మనిషి, మండీలో మిర్చి బస్తాలు మోసే హమాలీ. ఆయనకు గొట్టం వేసింది కుర్ర డాక్టరు కాదు, జయరాజు గారే. కడుపులో పైభాగం చూడాలంటే గొట్టం కొసను వెనక్కు మలిచి చూడాలి. ఆ రోజు బయట ఓపీ చీటీలతో పద్దెనిమిది మంది ఉన్నారు. ఆయన మలవలేదు. ఏమీ లేదని పంపేశారు. రెండు నెలలకు వెంకట్రాజం బక్కచిక్కి తిరిగి వచ్చాడు. గడ్డ ఆ పైభాగంలోనే ఉంది. దీపావళి దాటక ముందే చనిపోయాడు.

ఆ సంగతి ఎవరికీ తెలియాల్సిన అవసరం లేదు. అద్దంలో ఒక్క కన్నే చూసింది, ఆ కన్ను ఆయనది. చెప్పకపోతే ఎవరు అడుగుతారు? వెంకట్రాజం భార్య సోమక్క ఈ సభలో ఉంది. ఆమెను నేను అడిగాను. ఆమె చెప్పింది యథాతథంగా చదువుతాను. "సారే మా ఇంటికచ్చిండు. గడపల కూసున్నడు. నా తొందరల జూడలేదమ్మా అన్నడు. నాకు ఎంత కోపమచ్చిందో, తిట్టిన, మన్ను వోసిన. ఏమనలే. మల్ల నెలకు గూడ అచ్చిండు. గప్పుడు నాకే సిగ్గయ్యింది."

సోమక్క ఇంటి నుంచి తిరిగి వచ్చాక ఆయన ఒక కొత్త బుక్కు తెరిచి, జూన్ రెండో తేదీ వేసి, మొదటి పేజీలో రాశారు. "పైభాగం చూడలేదు. కారణం తొందర. ఇకనుంచి బయట ఎంతమంది ఉన్నా మలిచి చూడకుండా గొట్టం తీయను." కింద సంతకం. ఆ తర్వాత వచ్చిన ప్రతి డాక్టరుకూ ఆ పేజీ చదివిన తర్వాతే గొట్టం ఇచ్చారు.

మిత్రులారా, ఇంకో సంగతి చెబుతాను. 1981లో డాక్టర్ రాజేశ్వర్ రావు గారు ఇక్కడ నేర్చుకోవడానికి వచ్చారు. ఇవాళ ఆయన కరీంనగర్ నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. తన మాట చెప్పమని ఆయనే నన్ను అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఆయనది అప్పటికే మంచి చెయ్యి. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఒక రోజు ఖిలా వరంగల్ నుంచి వచ్చిన మొగిలమ్మ అనే ముసలావిడకు గొట్టం వేశారు. నాలుగు నిమిషాల్లో తీశారు. పుండు కనిపెట్టారు. తన తప్పు చెప్పమంటే, ఏమీ లేదన్నారు. జయరాజు గారు ముసలావిడను అడిగారు, మా డాక్టరు మంచిగ చేసిండా అమ్మా అని.

ఆమె అన్న మాట బుక్కులో ఉన్నది ఉన్నట్టు రాసి ఉంది. "మంచిగనే చేసిండు బిడ్డా. గని నేను చెయ్యి లేపి ఆగుమన్న. మూడుపార్లు లేపిన. ఆయన కన్ను గొట్టంలనే ఉండె. నా దిక్కు ఎవలు సూత్తరు?"

గదిలో ఐదుగురు ఉన్నారు. ఒక్కరూ ఆమె చెయ్యి చూడలేదు. అందరూ గొట్టాన్నే చూస్తున్నారు. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న కాదా? 

మరుసటి రోజు నుంచి ఆ గదిలో కొత్త రూలు వచ్చింది. రోగి ఎడమ చెయ్యి లేపితే చిలుకమ్మ "చెయ్యి" అని అరుస్తుంది. అరిచిన చోటే గొట్టం ఆగాలి. ఎవరైనా సరే. రాజేశ్వర్ రావు గారికి వారం రోజులు కోపం ఉందట. ఆయమ్మ అరిస్తే డాక్టరు ఆగడమేమిటని అడిగారట. దానికి చిలుకమ్మ చెప్పిన జవాబు ఈ జిల్లాలో చాలామంది డాక్టర్లకు కంఠతా వచ్చు. "గొట్టం నీ చేతుల ఉంటది సారూ, తల నా చేతుల ఉంటది. అది ఎట్ల గుంజుకుంటాందో నాకే ఎరుక."

1982లో వంద మందికి గొట్టం వేస్తే ముప్పై నాలుగు మంది చెయ్యి లేపి ఆపమన్నారు. 1985లో వందకు పదకొండు మంది. ఇవి చిలుకమ్మ గోడ మీద బొగ్గుతో గీసిన గీతల నుంచి, నెలకోసారి బుక్కులోకి ఎక్కించిన అంకెలు. డాక్టర్లు మారుతూ ఉన్నారు. గొట్టం అదే రకం. మారింది చెప్పడం, వినడం.

ఇప్పుడు ఈ సంవత్సరానికి వస్తాను.

ఫిబ్రవరి పద్దెనిమిదో తేదీ. నర్సంపేట దగ్గరి ఊరి నుంచి కట్టయ్య అనే రైతు వచ్చాడు. ముద్ద దిగడం లేదు. గొట్టం వేసింది డాక్టర్ సారంగపాణి. నేర్చుకోవడం మొదలుపెట్టి ఐదు నెలలు. గొంతు కింద గొట్టానికి ఏదో అడ్డు తగిలింది. ఆగాలి. ఆగలేదు. తోశాడు. ఆహారనాళం చిరిగింది.

అది కంటికి కనబడదు. రోగి నొప్పి అంటాడు, గొట్టం వేసినప్పుడు నొప్పి ఉంటుందిలే అంటాం. ఇంటికి పంపేస్తాం. నేను ఇద్దరు సర్జన్లను వేరువేరుగా అడిగాను. ఆ చిరుగు సంగతి ఒక్క రోజు దాచినా మనిషి బతకడం కష్టమని ఇద్దరూ చెప్పారు. మరి సారంగపాణి దాచాడా? గొట్టం తీసిన నిమిషంలో, ఆ గదిలో రోజూ చెప్పే అలవాటు కొద్దీ, నోటికి వచ్చింది చెప్పాడు. "అడ్డు తగిలింది సార్. బలంగ తోసిన." పది నిమిషాల్లో ఎక్స్‌రే తీశారు. రెండు గంటల్లో ఆపరేషన్ జరిగింది. ముప్పై ఒక్క రోజుల తర్వాత కట్టయ్య నడిచి ఇంటికి పోయాడు.

మూడో వరసలో తెల్ల రుమాలు చుట్టుకుని కూర్చున్నది ఆయనే. ఆయన నాతో ఏమన్నాడో వినండి. "నా లోపల బొక్క వడ్డదని గడియల చెప్పిండ్రు. మా ఊళ్ళె తూముకు బొక్క వడితె ఏడాది దాక ఎవలు చెప్పరు."

నవ్వండి. నవ్వాల్సిన మాటే. ఆయన బతికి ఉన్నాడు కాబట్టి మనం నవ్వగలుగుతున్నాం.

సారంగపాణిని జయరాజు గారు తిట్టారా? లేదు. ఆపరేషన్ అయ్యేదాకా బయట పక్కపక్కన కూర్చున్నారు. సోమవారం నాడు గదికి పిలిచారు. ఆ గదిలో ఇరుకు మూతి కుండ ఒకటి ఉండేది. లోపల ఐదు చోట్ల అంకెలు రాసి, గోడలకు తడి బియ్యప్పిండి పూసి పెట్టేవారు. రోగులకు పనికిరాదని పక్కన పెట్టిన పాత గొట్టం ఒకటి దానికి వాడేవారు. అంకెలు చదవాలి, గొట్టానికి పిండి అంటకూడదు. ఆ రోజు ఆయన కుండ మూతిలో గుడ్డ కుక్కారు. సారంగపాణిని కళ్లు మూసుకోమన్నారు. గుడ్డ తగలగానే ఆగాలి. అరవై సార్లు ఆపించారు. తర్వాత ఫిబ్రవరి పద్దెనిమిదో తేదీ పేజీలో, సారంగపాణి రాసిన దాని కింద తను రాశారు. "తోయడం నేర్పాను. ఆగడం నేర్పలేదు. ఇది నా తప్పు." సంతకం పెట్టారు.

గుర్తు పెట్టుకోండి ఆ మాట. ఆ మాట మీదే ఆయనను విచారణకు పిలిచారు.

ఎవరు ఫిర్యాదు చేశారు? కట్టయ్య చేయలేదు. కట్టయ్య ఇంటివాళ్లు చేయలేదు. మరి ఎవరు?

గత ఏడాది నవంబరులో ఇంకో డాక్టరు నేర్చుకోవడానికి వచ్చాడు. కమిటీలో ఒక పెద్దమనిషికి మేనల్లుడు. అతని పేరు నేను చెప్పను. చిన్నవాడు. నా కోపం అతని మీద కాదు. ఆరు నెలల్లో అతను అరవై ఒక్క పరీక్షలు చేశాడు. బుక్కులో అతని పేజీలు తెల్లగా ఉన్నాయి. అరవై ఒక్క సార్లు తన తప్పు ఏమీ లేదన్నాడు. చిలుకమ్మ చెప్పబోతే, "ఆయమ్మ చెప్తే నేను రాయాల్నా?" అన్నాడు. మే నెలలో సర్టిఫికెట్ అడిగాడు. జయరాజు గారు ఇవ్వలేదు. "నీ చెయ్యి చెడ్డది కాదు. గని నువ్వు ఏం చేసినవో నాకు కనవడదు, నువ్వు చెప్పవు. కనవడనిదానికి నేనెట్ల సంతకం వెడత?" అన్నారు.

మే ఇరవై ఆరున సర్టిఫికెట్ నిరాకరించారు. జూన్ మూడున కమిటీ ఆ బుక్కును స్వాధీనం చేసుకుంది. మధ్యలో ఎనిమిది రోజులు. ఈ రెండు తేదీలకు సంబంధం లేదని కమిటీ అంటోంది. ఉందని నేను రుజువు చేయలేను. తేదీలు మాత్రం చెబుతున్నాను.

బుక్కులో ఎన్ని తప్పులు రాసి ఉన్నాయో కూర్చుని లెక్కపెట్టారు. రెండు వందల పద్నాలుగు. జిరాక్సు తీయించారు. జూలై పందొమ్మిదో తేదీన ఆ కాగితాలు ఒక విలేకరికి అందాయి. ఇరవయ్యో తేదీ ఆదివారం జిల్లా పేజీలో పైన, పెద్ద అక్షరాలతో వార్త వచ్చింది. "మిషన్ దవాఖానలో 214 తప్పులు. డాక్టరే ఒప్పుకున్న వైనం."

ఆ వార్త రాసింది నేను.

ఇరవై రెండేళ్లుగా ఈ జిల్లాలో వార్తలు రాస్తున్నాను. ఆ వార్తలో ఒక్క అబద్ధం లేదు. తేదీలు సరైనవి. సంఖ్య సరైనది. సంతకం ఆయనదే. నేను అడగనిది ఒక్కటే. ఎన్ని పరీక్షల్లో రెండు వందల పద్నాలుగు? ఆ ప్రశ్న అడగడానికి ఒక ఫోను చాలు. నేను చేయలేదు. మూడు వేల నూట ఎనభై పరీక్షల్లో. పక్క దవాఖానల్లో ఎన్ని తప్పులు జరిగాయి? తెలియదు. అక్కడ రాయరు. రాయని చోట తప్పులు లేవని, రాసిన చోట ఉన్నాయని నేను వరంగల్ జిల్లా అంతటికీ చెప్పాను.

ఇంకా ఉంది. 1984 జనవరిలో నాకే ఆ గదిలో గొట్టం వేశారు. అయిపోయాక జయరాజు గారు ఎట్లా ఉందని అడిగారు. బాగుందన్నాను. ఆయన వదలలేదు. "అందరు బాగుందనే అంటరు రిపోర్టర్ సాబ్. తప్పు వట్టుడు మీ పనే కద, మాకొక్కటి వట్టి ఇయ్యుండ్రి" అన్నారు. గొట్టం నా గొంతులో ఉండగా ఇద్దరు డాక్టర్లు క్రికెట్ స్కోరు మాట్లాడుకున్నారని చెప్పాను. రాసుకున్నారు. రెండు వందల పద్నాలుగులో అది నూట నలభై ఏడోది. జిరాక్సు కాగితాల్లో అది నా చేతిలోనే ఉంది. నేను దాన్ని కూడా కలిపే లెక్క రాశాను.

ఆ పద్ధతి నాకు తెలుసు. తెలిసీ రాశాను. తెలియక రాశానని హన్నా టీచర్ గారి ముందు చెప్పడానికి నాకు అవకాశం లేదు. నా పత్రిక ఈ నెల పదిహేడున సవరణ వేసింది. మూడో పేజీలో, ధరల పట్టిక కింద, నాలుగు లైన్లు. అప్పటికి ఆయన చనిపోయి నాలుగు రోజులు.

ఆ వార్త వచ్చాక ఏం జరిగింది? వారానికి పది పన్నెండు మంది వచ్చే గదికి ముగ్గురు వచ్చారు. జూలై ఇరవై రెండున చిలుకమ్మను గది నుంచి తీసి చాకిరేవు గుడ్డల దగ్గర వేశారు. ఆర్డరులో కారణం రాశారు. నాలుగో తరగతి ఉద్యోగులు వైద్యుల పని మీద అభిప్రాయాలు చెప్పరాదు. ఐదేళ్లు ఆమె చెప్పిన అభిప్రాయాలు విన్న డాక్టర్లు ఇవాళ ఈ షెడ్డు కింద పన్నెండు మంది ఉన్నారు. వాళ్లు మన జిల్లాలో, పక్క జిల్లాల్లో మన కడుపుల్లోకి గొట్టాలు దింపుతున్నారు. చిలుకమ్మ దుప్పట్లు పిండుతోంది.

ఆగస్టు పదమూడున జయరాజు గారిని తొమ్మిది గంటలకు రమ్మన్నారు. తొమ్మిదికి పది నిమిషాల ముందే వచ్చారు. రెండు గంటల యాభై నిమిషాలు ఆ బెంచీ మీద కూర్చోబెట్టారు. మధ్యలో ఎడమ భుజం లాగుతోందని అటువైపు వచ్చిన చిలుకమ్మతో అన్నారు. ఆమె తలుపు కొట్టింది. "నీ పని నువ్వు చూసుకో" అని లోపలి నుంచి వినబడింది. ఆమె మళ్లీ కొట్టింది. మెమో ఇస్తామన్నారు. అప్పుడు టైము పదకొండు ఇరవై. ఇంకా ఇరవై నిమిషాలు ఉంది.

ఇరవై నిమిషాలు, అన్నలారా. కట్టయ్యకు పది నిమిషాల్లో ఎక్స్‌రే తీసిన దవాఖాన అది. ఆ పది నిమిషాలు అక్కడ ఎవరు నేర్పారు? నేర్పిన మనిషికి ఇరవై నిమిషాలు దొరకలేదు. ఆయమ్మ చెబితే ఆగే గది ఒకటి ఆ దవాఖానలో ఉండేది. ఆ గదికి తాళం వేశారు. ఆయమ్మ చెబితే మెమో ఇచ్చే గది తెరిచి ఉంచారు. ఇది గుండెపోటు అని సర్టిఫికెట్‌లో రాశారు. కాదని నేను అనడం లేదు. ఆ ఇరవై నిమిషాలను ఏ గడిలో రాశారో చూపించమంటున్నాను.

ఆయన గొప్పవాడని, దేవుడని ఇక్కడ చెప్పుకోవద్దు. ఆయనకు కోపం ఎక్కువ. ఆలస్యంగా వచ్చిన డాక్టరును గదిలోకి రానిచ్చేవారు కాదు. హన్నా టీచర్ గారు చెప్పారు, ఇంట్లో కూర ఎట్లా ఉందని అడిగితే కూడా ముందు నువ్వు చెప్పు అనేవారట. ఆయన దగ్గర పందొమ్మిది మంది నేర్చుకున్నారు. వాళ్లలో ఇద్దరు మధ్యలో మానేశారు, రోజూ తప్పులు చెప్పుకోవడం మా వల్ల కాదని. ఇవన్నీ నిజాలే. మనిషిని మనిషిగానే గుర్తు పెట్టుకుందాం.

ఆయన చనిపోతే విచారణ ఆగిపోతుందని మీలో చాలామంది అనుకుంటున్నారు. ఆగలేదు. కమిటీ నోటీసు నా దగ్గర ఉంది. ఇప్పుడు నేర్చుకుంటున్న నలుగురు డాక్టర్లను పిలిచారు. ఒక కాగితం ముందే టైపు చేసి పెట్టారు. దానిలో రెండు వాక్యాలు ఉన్నాయి. బుక్కులో తప్పులు తాము ఇష్టపూర్వకంగా రాయలేదని, జయరాజు గారు బలవంతంగా రాయించారని మొదటిది. ఇకపై అటువంటి బుక్కు ఉండరాదని రెండోది. సంతకం పెడితే నలుగురికీ సర్టిఫికెట్లు వస్తాయి. పెట్టకపోతే, ఫిబ్రవరి పద్దెనిమిదో తేదీ సంగతి మీద డాక్టర్ సారంగపాణి పేరుతో కొత్త విచారణ మొదలవుతుంది.

సారంగపాణి గారూ, మీరు వెనక గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. కూర్చోమంటే కూర్చోలేదు. మీ నాన్న గారికి ఎకరం భూమి లేదని నాకు తెలుసు. ఈ సర్టిఫికెట్ మీకు ఏమిటో నాకు తెలుసు. సంతకం పెట్టవద్దని చెప్పే హక్కు నాకు లేదు. నేను జూలై ఇరవైన నా హక్కు పోగొట్టుకున్నాను. ఒక్క సంగతి మాత్రం చెప్పగలను, అది సంగతే కాబట్టి. ఆ కాగితం మీద నాలుగు సంతకాలు పడితే, ఈ జిల్లాలో ఇక ఎవరూ అడ్డు తగిలింది, బలంగా తోశాను అని ఆ నిమిషంలో చెప్పరు. ఎందుకు చెబుతారు? చెప్పినవాడికి ఏమైందో అందరూ చూశారు.

కట్టయ్యను విచారణకు పిలవలేదు. చిరిగింది ఆయన గొంతు, బతికింది ఆయన. ఆయనను మాత్రం పిలవలేదు. నిన్న ఆయన నాతో అన్నాడు. "పిలువకుంటె ఏంది? నేను వోత. అంగి ఇప్పి కుట్లు సూపిత్త. బలవంతంగ రాయించిండ్రో, బతికించిండ్రో ఆళ్లే సెప్పాలె." చిలుకమ్మ సెలవు చీటీ పెట్టింది. మంజూరు కాలేదు. అయినా వస్తానంది. రాజేశ్వర్ రావు గారు, మరో పదకొండు మంది డాక్టర్లు, ఆ బుక్కులో ఉన్నవి మా తప్పులే, మా ఇష్టంతో రాసినవే అని ఒక కాగితం తయారు చేశారు. ఒక్కొక్కరు తమ తప్పు నంబరు, తేదీ వేసి సంతకం పెట్టారు. నూట నలభై ఏడో నంబరు ఎదురుగా, చెప్పిన రోగిగా, నేను సంతకం పెట్టాను. మీలో ఎవరికి ఆ గదిలో గొట్టం వేసినా, మీరు ఏం చెప్పారో గుర్తుంటే, బయట బల్ల మీద ఆ కాగితం ఉంది. వేలిముద్ర అయినా చాలు.

ఇప్పుడు అందరూ లేచి నిలబడండి. పెద్దవాళ్లు కూర్చునే ఉండవచ్చు. డాక్టర్ జయరాజు గారి కోసం రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడవద్దు. రెండు నిమిషాలే. ఆ తర్వాత మాట్లాడండి, గట్టిగా మాట్లాడండి. 

ఎల్లుండి, ఇరవై ఆరో తేదీ, మంగళవారం, ఉదయం పదకొండు గంటలకు విచారణ గది తలుపు తీస్తారు. మొదట పిలిచేది డాక్టర్ సారంగపాణిని.